ఒకే చెట్టు మీద కొండముచ్చు ముదురాకులు తిని బతుకుతుంది, కోతి ఎందుకు బతకలేదు?

గుణుపురం_తోట
మా తోట వంశధారకు దగ్గర. జీడిమామిడి, మామిడి, గట్ల మీద చింత, రావి చెట్లు. ఎండాకాలంలో కొండముచ్చుల గుంపు దిగుతుంది, కోతుల గుంపూ దిగుతుంది. రెండూ పంట పాడుచేసేవే. అయితే కాయలు లేని రోజుల్లో కొండముచ్చులు ముదురు రావాకులు కూడా పరపరా నమిలేసి, మధ్యాహ్నం నీడలో పొట్ట బిర్రుగా పెట్టుకుని కూర్చుంటాయి. కోతులు అదే కొమ్మ మీద చిగురు మాత్రం గిల్లుకుని, ముదురాకు జోలికి పోకుండా ఊళ్లోకి బిస్కెట్ల కోసం వెళ్లిపోతాయి.

మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. ఆకులోని పీచును అరిగించేది జంతువు కాదు, దాని కడుపులో ఉండే సూక్ష్మజీవులు అని చెప్పింది. సరే, అవి తిండితోపాటే లోపలికి వస్తాయంటే కోతి కూడా ఆకులు తినగా తినగా వాటిని సంపాదించుకోవాలి కదా? చెట్టు అదే, నీళ్లు అవే. ఎందుకు సంపాదించుకోలేదు? ఈ ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరకలేదు. తెలిసినవారు చెప్పండి.

బరంపురం_బాబాయి
అంతా అలవాటే. మా ఇంటికి ఒడియా కోడలు వచ్చిన కొత్తలో పఖాళ, అంటే నీళ్లలో పులిసిన చద్దన్నం, జలుబు చేస్తుందని భయపడినవాళ్లం, ఇప్పుడు ఫాల్గుణం దాటగానే ముందు మేమే అడుగుతున్నాం. తిండి మారితే కడుపు మారుతుంది. బిస్కెట్లు దొరకకపోతే కోతి కూడా ఆకులు తింటుంది.

కాశీనగరం_మేకలు
బాబాయ్, మహేంద్రగిరి అడవిలో కోతులకు బిస్కెట్లు ఎవరిస్తున్నారు? అవి కూడా పళ్లు, గింజలు, దుంపలు, పురుగులు, చిగుళ్లు వెతుక్కుంటాయే కానీ ముదురాకుతో కడుపు నింపుకోవు. మేక అలా కాదు, దొరికిన ఆకల్లా తింటుంది. తేడా కడుపులోనే ఉంది.

పర్లాకిమిడి_పంతులు
అలవాటు అన్న మాట ఇక్కడ చాలదు. కొండముచ్చు జీర్ణాశయం ఒకే సంచి కాదు, అరలు అరలుగా ఉంటుంది. ముందున్న పెద్ద అరలో ఆమ్లం ఊరదు. నమిలిన ఆకు అక్కడ గంటల తరబడి నిలుస్తుంది, బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. అప్పుడు పుట్టే కొవ్వు ఆమ్లాలే కొండముచ్చుకు శక్తి. చివరి అరలో ఆమ్లం ఉంటుంది. అక్కడికి కొట్టుకొచ్చిన బ్యాక్టీరియాను కొండముచ్చు అరిగించుకుంటుంది. ఆకును బ్యాక్టీరియా తింటాయి, బ్యాక్టీరియాను కొండముచ్చు తింటుంది. ఆవు, మేక చేసేదీ ఇదే.

కోతి పొట్ట మన పొట్ట లాంటిది. ఒకే సంచి, అందులో ఆమ్లం. అందుకు బదులుగా దానికి దవడల్లో సంచులున్నాయి. తోటలో తరిమినప్పుడు బుగ్గలు ఉబ్బించుకుని పరుగెత్తేది కోతే, గమనించండి. కొండముచ్చుకు ఆ సంచులు లేవు.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. లైసోజైమ్ అని ఒక ఎంజైము మన కన్నీటిలో, లాలాజలంలో ఉంటుంది. బ్యాక్టీరియా గోడను పగలగొట్టడం దాని పని. ఆవు, కొండముచ్చు రెండూ దాన్ని పొట్టలో జీర్ణరసంగా వాడుకుంటున్నాయి. 1987లో స్టీవార్ట్, షిల్లింగ్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులు ఆ రెండింటి లైసోజైమును పక్కపక్కన పెట్టి పోల్చారు. వారు తీసుకున్నది మన హనుమాన్ లంగూరునే, అంటే గుణుపురం తోటలో రావాకు నమిలే కొండముచ్చునే. ఆవుకూ దానికీ దగ్గరి చుట్టరికం లేదు. అయినా ఆ ప్రోటీనులో కొన్నిచోట్ల ఒకే మార్పులు రెండు వంశాల్లోనూ విడివిడిగా వచ్చాయి. పొట్టలోని ఆమ్లానికి, ప్రోటీన్లను విరగ్గొట్టే పెప్సిన్ అనే ఎంజైముకు తట్టుకోవడానికి పనికొచ్చే మార్పులు అవి. సూక్ష్మజీవులను లోపల పెట్టుకుని బతకాల్సి వచ్చిన జంతువు తన ప్రోటీనును కూడా దానికి తగ్గట్టు మార్చుకుంది. ఉద్యోగం చేసినంత కాలం పిల్లలకు ఈ పాఠం చెప్పాను, ఇప్పటికీ చెబుతుంటే ఒళ్లు పులకరిస్తుంది.

గుణుపురం_తోట
పంతులుగారూ, ఇది అమ్మాయికి చదివి వినిపించాను. బుగ్గ సంచుల మాట వినగానే తోటలోకి పరుగెత్తింది. మరి అర లేకపోతే సూక్ష్మజీవులు అసలు ఉండవా? కోతి పేగుల్లో కూడా ఉంటాయి కదా?

జయపురం_జానకి
ఉంటాయి, చాలానే ఉంటాయి. కానీ అవి పెద్ద పేగులో, ఆఖరున ఉంటాయి. అక్కడికి చేరేసరికి సులభంగా అరిగేదంతా చిన్న పేగు పీల్చేసుకుంటుంది, మిగిలిన పీచు మాత్రమే వాటికి దక్కుతుంది. గుర్రం, ఏనుగు కూడా వెనక పేగులో పులియబెట్టేవే. అందుకే మన గజపతి జిల్లా లఖారి లోయ వైపు ఏనుగు పేడ చూస్తే గడ్డి పోచలు పోచలుగా కనిపిస్తుంది, తిన్నదాంట్లో సగం కూడా అరగదు. ఆవు పేడ మెత్తగా ఉండటానికి కారణం ముందు పొట్టలో పులియడం, పైగా నెమరు వేయడం.

నేను మైక్రోబయాలజీలో పరిశోధన చేస్తున్నాను కాబట్టి తోటవారి అసలు ప్రశ్నకు వస్తాను. సూక్ష్మజీవులు బయటి నుంచి వచ్చేవే. కానీ ఎవరు నిలవాలో నిర్ణయించేది ఎక్కువగా ఆ శరీరం. 2006లో రాల్స్, గోర్డన్ బృందం చేసిన ప్రయోగం దీనికి మంచి సాక్ష్యం. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకు జీబ్రా చేప పేగుల్లోని సూక్ష్మజీవులను ఇచ్చారు, అలాంటి చేపలకు ఎలుకవి ఇచ్చారు. వచ్చిన రకాలు పాతవే, కానీ వాటి పాళ్లు మారిపోయాయి. ఎలుకలో చేరినవి ఎలుకలో మామూలుగా ఉండే పాళ్ల వైపు, చేపలో చేరినవి చేప పాళ్ల వైపు మళ్లాయి. ఎవరు ఎంత పెరగాలో కొత్త ఇల్లు తేల్చింది.

బరంపురం_బాబాయి
జానకమ్మా, నేను ఒప్పుకోను. మనిషి మాంసం ఎక్కువ తింటే ఒకలా, ఆకుకూరలు తింటే ఒకలా కడుపు మారుతుందని పత్రికల్లోనే రాస్తున్నారు. అది తిండి ప్రభావం కాదా?

జయపురం_జానకి
తిండి ప్రభావమే బాబాయ్. 2014లో డేవిడ్, టర్న్‌బా బృందం కొందరికి ఐదు రోజులు పూర్తిగా మాంసం, గుడ్లు, చీజ్, ఇంకో ఐదు రోజులు పూర్తిగా శాకాహారం పెట్టి చూసింది. ఒకటి రెండు రోజుల్లోనే కొన్ని రకాలు పెరిగాయి, కొన్ని తగ్గాయి. తిండి మామూలు స్థితికి రాగానే అవి కూడా చాలావరకు వెనక్కి వచ్చాయి. మీరు చెప్పేది నిజమే, కానీ అది ఒక మనిషి లోపల జరిగే ఎగుడుదిగుడు. మాంసం మానేసిన మనిషి కడుపు ఆవు కడుపు అయిపోదు.

పాండా సంగతి చూడండి. లక్షల ఏళ్లుగా వెదురు తింటోంది. కానీ అది ఎలుగుబంటి కుటుంబానికి చెందినది, పేగు పొట్టిది, మాంసం తినే జంతువు పేగే. 2010లో దాని జన్యుపటం వెలువడినప్పుడు ఆకు పీచులో ఉండే సెల్యులోజును విరగ్గొట్టే జన్యువులు కనిపించలేదు. పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా గడ్డి మేసే జంతువులవాటికంటే ఎలుగుబంట్లవాటినే ఎక్కువ పోలి ఉన్నాయి. తిన్న వెదురులో సుమారు 17 శాతమే అరుగుతుంది. అందుకే రోజంతా తింటూనే ఉండాలి.

బరంపురం_బాబాయి
అయ్యో, పెళ్లిలో మూడు బంతులు వరసగా కూర్చున్నా ఆకలి తీరని చుట్టం ఒకాయన మాకున్నాడు. ఆయన వంశం కూడా చూడాలి.

కాశీనగరం_మేకలు
పెళ్లి మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. పెళ్లి విందులో మిగిలిన అన్నం పెంట మీద పోస్తే తిన్న పశువు ఎందుకు పడిపోతుంది? మా పక్కింటి ఎద్దుకు అలా జరిగింది. గడ్డి తినే కడుపుకు అన్నం ఇంకా తేలిక కావాలి కదా.

రాయగడ_పశువైద్యం
తేలిక కావడమే ప్రమాదం. ఆవు రుమెన్‌లో, అంటే మొదటి పెద్ద పొట్టలో ఉండే గుంపు పీచును నెమ్మదిగా అరిగించడానికి కుదురుకున్నది. ఒక్కసారిగా బుట్టెడు అన్నం పడితే పిండిపదార్థాన్ని వేగంగా తినే బ్యాక్టీరియా విజృంభిస్తాయి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పులుపు పెరిగి పీచు అరిగించేవి, ప్రోటోజోవా (బ్యాక్టీరియా కంటే పెద్దవైన ఏకకణ జీవులు) చచ్చిపోతాయి. నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. ఎడమ పక్క చెయ్యి పెట్టి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. పశువు పళ్లు కొరుకుతుంది, నెమరు ఆగిపోతుంది, పుల్లటి వాసనతో పారుకుంటుంది. ఆలస్యమైతే చచ్చిపోతుంది.

బిస్సంకటక్ వైపు ఒక ఊళ్లో ఇలాంటి ఎద్దును చూశాను. ముందు సెలైన్, సోడా ఉప్పు, చేయాల్సిన చికిత్స అంతా చేశాం. ప్రాణం దక్కింది కానీ నెమరు రాలేదు. గడ్డి ముందు పెడితే వాసన చూసి తల తిప్పేసుకునేది. అప్పుడు అదే ఊళ్లోని ఆరోగ్యమైన ఆవు రుమెన్ నుంచి గొట్టంతో రసం తీశాం. పచ్చగా, కొంచెం చిక్కగా, వెచ్చగా ఉంటుంది. గుడ్డలో వడకట్టి, చల్లారకముందే ఎద్దుకు గొట్టంతో పట్టించాం. మంచి రసం వాసన పుల్లగా కొట్టదు. సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క పెడితే ప్రోటోజోవా కిటకిటలాడుతూ కనిపిస్తాయి. జబ్బు పశువు రసంలో అవి ఒక్కటి కూడా ఉండవు. మర్నాడు ఎద్దు నెమరు వేసింది. ఇంటావిడ నా చేతిలో అరటిపళ్ల గెల పెట్టారు.

మన పెద్దలు కొందరు ఆవు నోట్లోంచి నెమరు ముద్ద లాగి జబ్బు పశువుకు తినిపించేవారు. చేసేది ఈ పనే. కానీ మీరంతట మీరు చేయకండి, ఇచ్చే ఆవుకు రోగం ఉంటే అదీ అంటుకుంటుంది.

పర్లాకిమిడి_పంతులు
వైద్యుడుగారు చెప్పినది గమనించండి. ఆవు రసం ఎద్దుకు పనికొచ్చింది, ఎందుకంటే ఆ అర అక్కడ ఖాళీగా ఎదురుచూస్తోంది. నీళ్లు నిలవని మెట్టలో వరి నారు ఎంత మంచిది తెచ్చి నాటినా ఏమవుతుంది? కోతి కడుపులో ఆ రసం పోస్తే అంతే అవుతుంది.

కాశీనగరం_మేకలు
ఇంకొకటి. రాయగడ కాగితపు మిల్లు వల్ల మా వైపు సుబాబుల్, సరుగుడు తోటలు బాగా పెరిగాయి. సుబాబుల్ ఆకు మేకలకు మహా ఇష్టం. అదే పనిగా మేపితే బొచ్చు ఊడుతుందని మా నాన్న భయపెట్టేవారు. కొందరి మందలకు ఏమీ కాదు. ఇది కూడా కడుపులోని సూక్ష్మజీవుల సంగతేనా?

రాయగడ_పశువైద్యం
అదే. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. బొచ్చు ఊడేది దానివల్ల. రుమెన్‌లో అది విరిగి డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థం అవుతుంది, అది థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. ఆస్ట్రేలియాలో పశువులు ఇలా జబ్బుపడుతుంటే, హవాయిలో మేకలు అదే ఆకు తిని సుఖంగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు తేడా మేకలో కాదు, దాని రుమెన్‌లో ఉందని అనుమానించారు. హవాయి మేకల నుంచి డీహెచ్‌పీని విరగ్గొట్టే బ్యాక్టీరియాను తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఇచ్చి, అవి నిలిచాయని 1986లో మెగరిటీతో కలిసి ప్రకటించారు. మందలో కొన్నింటికి ఇస్తే మిగతావాటికి అంటుకున్నాయి. ఆ బ్యాక్టీరియాకు 1992లో సినర్జిస్టిస్ జోన్సీ అని ఆయన పేరే పెట్టారు.

సుబాబుల్ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. చెట్టు విత్తనం ఖండాలు దాటింది, దాన్ని అరిగించే బ్యాక్టీరియా ప్రతిచోటుకీ దాటలేదు. మీ మేకలకు మేతలో మూడో వంతు మించకుండా, గడ్డితో కలిపి పెట్టండి. కొత్తగా కొన్నవాటికి ఇంకా కొంచెంగా మొదలుపెట్టండి.

బరంపురం_బాబాయి
చూశారా! బయటి నుంచి తెచ్చి పోస్తే పనిచేసింది. అంటే సూక్ష్మజీవులు వంశం వల్ల రావడం లేదు, అంటుకోవడం వల్ల వస్తున్నాయి. జానకి మాట ఇక్కడ నిలవదు.

జయపురం_జానకి
రెండూ నిలుస్తాయి బాబాయ్. ఆ బ్యాక్టీరియా మేక నుంచి ఆవుకు వెళ్లింది. రెండూ నెమరు వేసేవే, రెండింటికీ రుమెన్ ఉంది, ఆ రుమెన్ పరిణామంలో వాటి పూర్వీకుల దగ్గరే ఏర్పడింది. ఇల్లు వంశం ఇచ్చింది, అద్దెకు వచ్చినవాళ్లు మంద నుంచి వచ్చారు.

సిరొంచా_దసలి
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ప్రాణహిత అవతల ఉన్న మాకు కూడా ఇక్కడ చోటుందనే అనుకుంటున్నాను. మా ఇంట్లో దసలి పట్టు పురుగులు పెంచుతాం, నల్లమద్ది, తెల్లమద్ది ఆకుల మీద. పురుగు రోజూ తన బరువుకు మించి ఆకు తింటుంది. మీ లెక్కన దానికి కూడా పొట్టలో పెద్ద అర, లోపల కోట్ల బ్యాక్టీరియా ఉండాలి. కానీ అది సన్న గొట్టంలా ఉంటుంది, తిన్నది చాలా తొందరగా బయటికి వచ్చేస్తుంది. ఆకు తినే ప్రతి జంతువుకూ సూక్ష్మజీవులు తప్పవా? నాకు నమ్మకం లేదు.

పర్లాకిమిడి_పంతులు
సూక్ష్మజీవులు లేని జంతువు ప్రకృతిలో ఉండదు. పురుగులోనూ ఉంటాయి.

జయపురం_జానకి
పంతులుగారూ, ఇక్కడ నేను సిరొంచావారి పక్షం. 2017లో హామర్ బృందం 124 జాతుల గొంగళిపురుగులను అడవుల్లోంచి సేకరించి చూసింది. వాటి పేగుల్లో బ్యాక్టీరియా చాలా తక్కువ, ఉన్నవి కూడా ఎక్కువగా ఆకు మీద నుంచి లోపలికి పోయి బయటికి వచ్చేవే. నిలవుండే గుంపు కనిపించలేదు. పొగాకు పురుగు జాతి ఒకదానికి యాంటీబయాటిక్ ఇచ్చి బ్యాక్టీరియాను ఇంకా తగ్గించినా పెరుగుదల తగ్గలేదు. గొంగళిపురుగు పేగు చాలా క్షారంగా ఉంటుంది, తిండి వేగంగా కదిలిపోతుంది, పీచును వదిలేసి కణాల్లోని రసం మాత్రం తీసుకుంటుంది. అందుకే అన్ని రెట్టలు. దసలి పురుగును విడిగా ఎవరైనా అలా లెక్కపెట్టారని నేను చెప్పడం లేదు, గొట్టం పని తీరు మాత్రం అదే.

కొండముచ్చు ఒక దారి పట్టింది, గొంగళిపురుగు ఇంకో దారి పట్టింది. ఆకు ఒకటే.

సిరొంచా_దసలి
ధన్యవాదాలు. పురుగుల కింద గంప పెడితే సాయంత్రానికి నల్లగా నిండిపోతుంది. ఆ రెట్ట మా మిరప మొక్కలకు మంచి ఎరువు.

పర్లాకిమిడి_పంతులు
జానకి ఇచ్చిన ఆధారం గట్టిది, కాదనను. పురుగుల మాట వచ్చింది కాబట్టి చెదలు గురించి చెప్పాలి. చెదలు బొద్దింకల వంశంలోనివి. పాత రకాల చెదలు కర్రను అరిగించడానికి పేగుల్లో ప్రోటోజోవాను పెట్టుకుంటాయి. పిల్లలు పెద్దల మలద్వారం నుంచి వచ్చే రసం తాగి వాటిని పొందుతాయి. కుబుసం విడిచినప్పుడల్లా అవి పోతాయి, మళ్లీ గూటిలోని వాటి దగ్గర తాగి తెచ్చుకోవాలి. అందుకే ఒంటరిగా బతకలేవు. తర్వాత వచ్చిన ఒక పెద్ద శాఖ ఆ ప్రోటోజోవాను పూర్తిగా పోగొట్టుకుంది. ఆ శాఖలో కొన్ని పుట్టలోనే బూజు తోట పెంచడం మొదలుపెట్టాయి. తొలకరి ఉరుములకు మన పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ తోట నుంచి వచ్చేవే, టెర్మిటోమైసిస్ అంటారు. కడుపులో ఉండాల్సిన పనివాళ్లను ఆ చెదలు ఇంటి పెరట్లో పెట్టుకున్నాయి.

బరంపురం_బాబాయి
ఆ పుట్టగొడుగులను ఆవపిండి వేసి అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చి తింటే! ఇంత చదువు చెప్పారు, ఇక ఆకలి ఆగేలా లేదు.

కాశీనగరం_మేకలు
మా ఇంట్లో చింతపండు వేసి పులుసు పెడతారు. ఆవపిండితో కంటే అదే బాగుంటుంది.

మునిగుడ_అమ్మ
వంటల మధ్యలోకి వస్తున్నాను, ఏమీ అనుకోకండి. నాకు చిన్న పాప ఉంది. మేక పిల్ల తల్లి దగ్గర, చెదపురుగు గూటి దగ్గర తెచ్చుకుంటే మనిషి పిల్ల ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? మా అత్తగారు పాపకు తేనె నాకించమంటున్నారు, కడుపు బలపడుతుందట.

జయపురం_జానకి
అక్కా, ముందుగా ఒక మాట. ఏడాది నిండని పిల్లలకు తేనె వద్దు. అందులో కొన్నిసార్లు ఉండే బోట్యులిజం బ్యాక్టీరియా బీజాలు చిన్నపిల్లల పేగుల్లో మొలకెత్తి ప్రాణం మీదికి తెస్తాయి. అత్తగారికి నెమ్మదిగా చెప్పండి.

మీ ప్రశ్నకు జవాబు చాలా అందమైనది. తల్లిపాలలో ఒలిగోశాకరైడ్లనే చక్కెర గొలుసులు వందకు పైగా రకాలున్నాయి. లాక్టోజ్, కొవ్వు తర్వాత పాలలోని ఘనపదార్థాల్లో ఎక్కువ భాగం ఇవే. పాప వాటిని అరిగించుకోలేదు. మరి తల్లి శరీరం ఇంత కష్టపడి ఎందుకు తయారుచేస్తోంది? అవి బిఫిడోబ్యాక్టీరియాకు మేత. వాటిలో ఇన్ఫాంటిస్ అనే రకం ఈ గొలుసులను పూర్తిగా తినేయడానికి కావలసిన జన్యువులన్నీ పెట్టుకుని ఉంది. అది పెరిగితే పేగులో పులుపు పెరుగుతుంది, రోగకారకాలకు చోటు తగ్గుతుంది. ఆవుపాలలో ఈ గొలుసులు చాలా తక్కువ. తల్లి ఒకేసారి ఇద్దరికి పాలిస్తోంది, పాపకూ, పాప కడుపులోని బ్యాక్టీరియాకూ.

మునిగుడ_అమ్మ
ఇది చదివి కళ్లు చెమర్చాయి. తేనె సీసా అలమరలోకి ఎక్కించేశాను. అత్తగారికి మీ సమాధానం పూర్తిగా చదివి వినిపిస్తాను, ఆవిడకు పాల సంగతి నచ్చుతుంది.

గుణుపురం_తోట
అయితే మనిషికి సొంత బ్యాక్టీరియా వంశం ఉందా? కోతుల నుంచి, చింపాంజీల నుంచి వేరుగా?

జయపురం_జానకి
కొన్నింటికి ఉంది. 2016లో మోలర్, ఆఖ్‌మాన్ బృందం మనుషులు, చింపాంజీలు, బొనొబోలు, గొరిల్లాల మలం నుంచి బ్యాక్టీరియా జన్యువులను చదివింది. బాక్టీరాయిడేసి, బిఫిడోబ్యాక్టీరియేసి అనే రెండు కుటుంబాల్లో బ్యాక్టీరియా వంశవృక్షం, జంతువుల వంశవృక్షం ఒకదానితో ఒకటి సరిపోయాయి. అంటే మన పూర్వీకులు గొరిల్లా పూర్వీకుల నుంచి విడిపోయినప్పుడు వాళ్ల కడుపులోని బ్యాక్టీరియా కూడా విడిపోయి ఎవరి దారిన వాళ్లతో వచ్చాయి. మూడో కుటుంబం, లాక్నోస్పిరేసి, అలా సరిపోలేదు. అందులో చాలావాటికి బీజాలు తయారుచేసే శక్తి ఉంది, గాలిలో, మట్టిలో బతికి ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు దూకగలవు.

పంతులుగారికి ఒక మాట. దగ్గరి జాతుల కడుపులు దగ్గరగా ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవులు వాటితో కలిసి నడిచాయని అనుకోలేం. శరీరం ఒకే రకమైన జల్లెడ అయితే, కొత్తగా వచ్చినవాళ్లలో కూడా ఒకే రకం నిలుస్తారు. వంశవృక్షాలు కొమ్మ కొమ్మకూ సరిపోతేనే కలిసి నడిచాయని చెప్పగలం.

పర్లాకిమిడి_పంతులు
ఈ తేడా ముఖ్యమైనదే. కానీ 2008లో రూత్ లే బృందం 60 క్షీరద జాతులను పోల్చినప్పుడు ఏం కనిపించింది? మాంసాహారుల కంటే సర్వభక్షకుల్లో, వాటికంటే శాకాహారుల్లో వైవిధ్యం ఎక్కువ. దగ్గరి చుట్టాలు దగ్గరగా చేరారు. తిండి, వంశం రెండూ కనిపించాయి. వాటిని విడదీయడం కష్టం, ఎందుకంటే ఏ తిండి తినాలో కూడా చాలావరకు వంశమే నిర్ణయిస్తుంది.

కాశీనగరం_మేకలు
గబ్బిలాల సంగతి? మా మర్రిచెట్టుకు పెద్ద గబ్బిలాలు వేలాడుతుంటాయి.

జయపురం_జానకి
అడిగారు, మంచిది. గబ్బిలాల్లో, పక్షుల్లో ఈ వంశం ముద్ర చాలా బలహీనం. 2020లో వందలాది వెన్నెముక జంతువులను పోల్చిన సాంగ్ బృందం ఈ రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయని చూపింది. ఎగరాలంటే ఒళ్లు తేలిగ్గా ఉండాలి, పొట్టి పేగు కావాలి, తిన్నది త్వరగా బయటికి పోవాలి. కిలోల కొద్దీ పులుస్తున్న ఆకు మోసుకుని ఎగరలేం కదా. దక్షిణ అమెరికాలో హోట్జిన్ అనే పక్షి మాత్రం ఆవులాగా ముందు సంచిలో ఆకు పులియబెడుతుంది. అది సరిగ్గా ఎగరలేదు.

బరంపురం_బాబాయి
నా వాదన ఇంకా ముగియలేదు. పఖాళలో, తరవాణిలో ఉండే బ్యాక్టీరియా మాటేమిటి? తరతరాలుగా తాగుతున్నాం.

జయపురం_జానకి
అవి ఎక్కువగా బాటసారులు బాబాయ్. తాగినన్నాళ్లు కనిపిస్తాయి, మానేస్తే పోతాయి. అలాగని మీ చేతిలో ఆయుధం లేదనను. జపాన్‌లో నోరి అనే సముద్ర నాచు తింటారు. దాని గోడలోని పార్ఫిరాన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైము సముద్రపు బ్యాక్టీరియాది. ఆ జన్యువు జపానీయుల పేగుల్లోని బ్యాక్టీరియాలోకి చేరిందని 2010లో హెహెమాన్ బృందం చూపింది. తిండి మీద వచ్చిన అతిథి తన విద్యను ఇంటివాళ్లకు నేర్పి వెళ్లింది. పోగొట్టుకోవడం కూడా తిండి వల్లే జరుగుతుంది. 2016లో సోనెన్‌బర్గ్ బృందం ఎలుకలకు తరాల తరబడి పీచు తక్కువ ఉన్న మేత పెట్టింది. ఒక తరంలో తగ్గినవి తర్వాతి తరాల్లో పూర్తిగా మాయమయ్యాయి. నాలుగో తరానికి మళ్లీ పీచు పెట్టినా అవి తిరిగి రాలేదు, బయటి నుంచి తెచ్చి ఇస్తేనే వచ్చాయి.

బరంపురం_బాబాయి
ఈ చివరి మాట భయపెట్టింది. కొరాపుట్ వైపు చోడి అంబలి తాగే ఇళ్లలో పిల్లలు ఇప్పుడు మైదా రొట్టెలు తింటున్నారు. మా మనవలు కూడా. రేపటి నుంచి ఇంట్లో పొద్దున్నే అంబలి.

గుణుపురం_తోట
అమ్మాయి ఆఖరి ప్రశ్న: వేరే జాతి సూక్ష్మజీవులు ఇస్తే నష్టం ఏమైనా ఉంటుందా?

జయపురం_జానకి
ఉంటుంది. 2016లో బ్రూక్స్, బోర్డెన్‌స్టీన్ బృందం ఒక జాతి ఎలుకకు ఇతర జాతుల సూక్ష్మజీవులను ఇచ్చి చూసింది. దూరపు చుట్టాలవి ఇచ్చిన కొన్ని ఎలుకల్లో తిండి అరగడం తగ్గింది. తమ జాతివి ఇచ్చినప్పుడు తగ్గలేదు. అమ్మాయిని డిగ్రీలో జీవశాస్త్రం తీసుకోమనండి, ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లు కావాలి.

కాశీనగరం_మేకలు
వైద్యుడుగారూ, తల్లి చచ్చిపోయిన మేకపిల్లను ఇంట్లో సీసా పాలతో పెంచుతున్నాను. దానికి రుమెన్ గుంపు ఎలా వస్తుంది?

రాయగడ_పశువైద్యం
విడిగా గదిలో కట్టేయకండి. పాలు సీసాతోనే ఇవ్వండి, కానీ పగలు మందలో వదలండి. రెండు మూడు వారాల నుంచి మెత్తని గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. బ్యాక్టీరియా గడ్డి మీద నుంచి, నేల మీద నుంచి ఎలాగో వస్తాయి. ప్రోటోజోవా మాత్రం పెద్ద మేకల లాలాజలం నుంచే రావాలి, అవి బయట ఎండితే చచ్చిపోతాయి. పెద్దవి తిన్న తొట్టిలోనే పిల్లను తిననివ్వండి, నాకనివ్వండి. నట్టల మందు మాత్రం నాకు చూపించాకే వేయండి. ఆదివారం కాశీనగరం వస్తున్నాను, పిల్లను చూస్తాను.

నిర్వాహకుడు
పుట్టగొడుగులకు ఆవపిండా, చింతపండా అన్న చర్చను వంటల విభాగంలోకి మార్చాను. అడవి పుట్టగొడుగుల్లో విషపువి ఉంటాయి, తెలిసినవారు గుర్తించినవే వండుకోండి. కొండముచ్చుల చర్చ ఇక్కడే కొనసాగించవచ్చు.